గడువు లేని మెహమాన్

"చాచానా? ఆయన పోయి యాడాది దాటింది గద సార్. మీకు తెల్వదా?" అన్నాడు ల్యాబ్ అసిస్టెంటు, సర్వర్ గది తాళంచెవి కోసం సొరుగంతా గెలుకుతూ.

తెలియదు. తెలియకుండా ఉండడానికి నేను పడ్డ పాట్లు నాకే తెలుసు. మా బల్మూర్ నుంచి గద్వాల వైపు పని పడితే నాగర్‌కర్నూల్, వనపర్తి మీదుగా పోవడం దగ్గర. నేను మాత్రం చుట్టు తిరిగి జడ్చర్ల పోయి హైవే ఎక్కేవాణ్ణి. ఎందుకయ్యా ఈ తిప్పలు అని ఎవరైనా అడిగితే వనపర్తి రోడ్డు బాగా లేదనేవాణ్ణి. రోడ్డుకేం, భేషుగ్గా ఉంది. బాగా లేనిది నేను.

ఈసారి తప్పలేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ కాలేజీలో పెట్టిన వైర్‌లెస్ కంట్రోలరు, వైఫైనంతా ఒక్కచోటి నుంచి అదుపుచేసే పెట్టె, ఇంకా నడుస్తూనే ఉందట. దాన్ని తీసేసి కొత్తది పెట్టాలి. పాతదాని పాస్‌వర్డు కాలేజీలో ఎవరి దగ్గరా లేదు. పెట్టినవాణ్ణి నేనే కాబట్టి నన్నే పొమ్మన్నారు.

తాళంచెవి దొరకలేదు. అసిస్టెంటు ఆఫీసులో అడిగి తెస్తానని పోయాడు. నేను వరండాలో నిలబడి, ఒకప్పుడు వచ్చినవాళ్ళను కనుక్కునే ముందాఫీసు టేబులు ఉండే చోటు వైపు చూశాను. అక్కడిప్పుడు అద్దాల గది కట్టారు. లోపల ఎవరో అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. అయినా నా కళ్ళు ఆ టేబులు వెనక నుంచి ఒక పొడుగాటి మనిషి లేచి నిలబడతాడేమోనని ఎదురుచూశాయి.

ఎందుకంటే ఎవరొచ్చినా ఆయన లేచి నిలబడేవాడు. ప్రిన్సిపల్ వచ్చినా లేచేవాడు, ఫీజు బాకీ ఉన్న పిల్లవాడి తండ్రి దుమ్ముకాళ్ళతో వచ్చినా లేచేవాడు. ఏది ఇచ్చినా కుడిచేత్తో ఇస్తూ, ఆ మోచేతిని ఎడమచేత్తో పట్టుకునేవాడు. తెల్లచొక్కా, మెడ దగ్గర గుండీ కూడా పెట్టుకునేవాడు, ఎండాకాలమైనా సరే. కళ్ళజోడు ఒక కాడ విరిగితే దానికి దారం కట్టి చెవికి తగిలించుకునేవాడు. ఆయన పేరు రాయను. రాసే హక్కు నాకు లేదనిపిస్తుంది. ప్రిన్సిపల్ నుంచి తోటమాలి దాకా అందరూ చాచా అనే పిలిచేవాళ్ళు. నేనూ అంతే.

నేను మొదటిసారి వచ్చింది రెండువేల ఎనిమిది ప్రాంతంలో. వనపర్తి అప్పటికింకా జిల్లా కాలేదు. ఊరవతల, గద్వాల పోయే దారిలో ఈ ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ. నేను కంట్రోలరు పెట్టెను భుజాన పెట్టుకొని బస్సు దిగి, గేటు నుంచి చెమటలు కక్కుతూ నడిచొచ్చాను. ఆయన ఎదురొచ్చి పెట్టె అందుకున్నాడు. కుర్చీ చూపించాడు. నీళ్ళు తెచ్చాడు. నేను నేనెవరో, ఏ కంపెనీ నుంచో చెప్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముందుగాల నీళ్ళు తాగు బేటా. ఎవరివో తర్వాత అడుగుత."

నీళ్ళు తాగాక విజిటర్ల రిజిస్టరు ముందు పెట్టాడు. పేరు, ఊరు, వచ్చిన వేళ, పోయిన వేళ అని నాలుగు గళ్ళు. ఊరు బల్మూర్ అని రాశాను. అంతే, ఆ క్షణం నుంచి నేను బల్మూర్ బేటాను. నాలుగో గడిలో సాయంత్రం నాలుగు అని రాయబోయాను. ఆయన చప్పున పెన్ను లాక్కున్నాడు.

"అది నేను రాస్త తియ్. నువ్వు రాయొద్దు."

ఆయన పద్ధతి అది. మనిషి గేటు దాటి, రోడ్డెక్కి, బస్సు కనుమరుగయ్యాక తిరిగొచ్చి ఆ గడి నింపేవాడు. ముందే రాస్తే తోలేసినట్టుంటదని ఆయన బాధ. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. ముసలాయనకు చాదస్తం అనుకున్నాను.

పని ఏమిటంటే, కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ రాబోతోంది. వచ్చినవాళ్ళు ల్యాప్‌టాప్ తెరిస్తే ఎక్కడ కూర్చున్నా ఇంటర్నెట్టు రావాలి. ప్రిన్సిపల్‌కు అదే పట్టింపు. సీలింగుకు పెట్టెలు బిగించాం, తీగలు లాగాం, కంట్రోలరును ర్యాకులో కూర్చోబెట్టాం. ఒకే గాలిలో రెండు నెట్‌వర్కులు. ఒకటి కాలేజీ వాళ్ళది, పరీక్షల కాగితాలు, జీతాల ఫైళ్ళు దాని మీదే. రెండోది వచ్చీపోయేవాళ్ళకు, దాంట్లో ఇంటర్నెట్టు తప్ప ఇంకేమీ కనబడదు. అతిథి తన మిషను తెరవగానే ఒక పేజీ వచ్చి పేరు, పాస్‌వర్డు అడుగుతుంది. అవి ముందాఫీసు వాళ్ళు ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు ఎన్ని రోజులు, ఎన్ని గంటలు అని గడువు పెట్టాలి. గడువు తీరగానే ఆ పేరు దానంతటదే చెరిగిపోతుంది.

"విజిటర్ల పని చాచాదే కదా. ఇదీ ఆయనే చూసుకుంటాడు. నేర్పించండి" అన్నాడు ప్రిన్సిపల్.

నాకు నవ్వొచ్చింది. ఆయన కీబోర్డు మీద ఒక్క వేలితో, ఒక్కో అక్షరాన్నీ వెతికి పట్టుకొని కొట్టే మనిషి. సరే, తప్పుతుందా అని కూర్చోబెట్టి, చిన్నపిల్లలకు చెప్పినట్టు మొదలుపెట్టాను. సగంలోనే ఆపాడు.

"అంటే దివాన్‌ఖానా అన్నట్టు."

"ఏంది చాచా?"

"మా ఇండ్లల్ల ముంగటి అర్ర. మెహమాన్ వస్తడు, కూసుంటడు, చాయ్ తాగుతడు, పేపర్ సదువుకుంటడు. పరదా అవతల ఇల్లు. ఆడోళ్ళు, పిల్లలు, పెట్టెలు. మెహమాన్ గా పరదా దాటడు. గంతే గద బేటా?"

అంతే. ఆరు నెలల శిక్షణలో మాకు ఎవరూ అంత తేటగా చెప్పలేదు. తర్వాత ఇన్నేళ్ళలో ఎన్ని ఆసుపత్రుల్లో, ఎన్ని హోటళ్ళలో, ఎంతమంది మేనేజర్లకు ఆ మాటే చెప్పానో లెక్కలేదు. వాళ్ళు ఓహో అని తలూపినప్పుడల్లా, ఈ మాట ఎవరిదో చెప్పకుండా తర్వాతి రూలుకు పోయేవాణ్ణి.

దివాన్‌ఖానా వరకు బాగానే ఉంది. గడువు దగ్గర బండి ఆగిపోయింది.

"ఎన్ని రోజులుంటరని మెహమాన్‌ని అడగాల్నా?"

"అడగాలి చాచా. లేకపోతే ఇది ఒప్పుకోదు."

"ఇంటికొచ్చినోన్ని ఎప్పుడు వోతవని అడుగుతమా? నా నోటికి రాదు బేటా. ఇంకేమన్న చెప్పు, చేస్త."

ఇంకో రూలు చెప్పాను. పాస్‌వర్డు మూడుసార్లు తప్పు కొడితే కంట్రోలరు ఆ మనిషిని నిమిషం పాటు బయట పెడుతుంది, అప్పటిదాకా పేజీ తెరుచుకోదు. దొంగలు ఊహించి కొట్టకుండా నేనే పెట్టిన రూలు అది, నాకు గొప్పగా ఉంది. ఆయన ముఖం చిన్నబోయింది.

"మూడుసార్లకే బయటికి తోలుతదా? యాది మర్సిండేమో పాపం. కూసోబెట్టి, చాయ్ ఇచ్చి, నిమ్మలంగ యాదికి తెచ్చుకో అనాలె గాని."

నాకు ఒళ్ళు మండింది. నాగర్‌కర్నూల్ బస్సు నాలుగింటికి. అది పోతే మళ్ళీ ఎప్పుడో. గోడ గడియారం చూస్తూ, "అయితే అన్ని గళ్ళల్లో సున్న పెట్టు చాచా. ఇక ఆ పేరు ఎప్పటికీ పోదు. నువ్వు ఎవర్నీ అడగక్కర్లేదు" అన్నాను.

"సున్న పెడితే ఎప్పటికుంటడా?"

"ఉంటాడు."

"గిదీ మాట!" అన్నాడు, ముఖమంతా విప్పారి. "ఇంత మంచి ఉపాయం ఉండంగ గంట సేపు పరేషాన్ చేస్తివి గదరా!"

నేను చేయాల్సింది అది కాదు. గడువు ఒక్క రోజు దాటి పెట్టడానికి వీల్లేకుండా ముందాఫీసు లాగిన్‌ను కట్టేయాలి. ఒక పేరు మీద ఒక్క మిషనే ఎక్కేలా చేయాలి. రెండూ కలిపి ఐదు నిమిషాల పని. బస్సు పోతుందని వదిలేశాను. మర్నాడు ఆఫీసుకు పంపిన రిపోర్టులో మాత్రం, ముందాఫీసుకు శిక్షణ ఇచ్చాం, అతిథుల ఖాతాలకు గడువు ఒక్క రోజు అని చక్కగా రాశాను. చేయనిది చేసినట్టు రాయడం నాకు అప్పటికే వచ్చేసింది.

ఆ తర్వాత మిగిలిన పనుల మీద ఐదారుసార్లు వచ్చాను. వచ్చినప్పుడల్లా ఆయన కొత్త కొలువును చూసి ముచ్చటపడేవాణ్ణి. పాస్‌వర్డు కంట్రోలరే తయారుచేసి ఇస్తుంది, అర్థం పర్థం లేని అక్షరాలూ అంకెలూ. అది ఆయనకు నచ్చలేదు. మెహమాన్ చేతికి గిసొంటి పిచ్చి రాత ఇస్తమా అని, మనిషి ముఖం చూసి తానే ఒక మంచి మాట పెట్టేవాడు. తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక్క వేలితో. మామిడిపండు. సల్లగాలి. బాదంహల్వా. ఎండలో పడి వచ్చిన ల్యాబ్ సామాన్ల సేల్స్‌మన్‌కు సల్లనీళ్ళు. ఆ పేరూ ఆ మాటా చిన్న చీటీ మీద సిరాపెన్నుతో రాసి, నాలుగు మడతలు పెట్టి, మోచెయ్యి పట్టుకొని ఇచ్చేవాడు. పక్కన నీళ్ళ గ్లాసు. తీసుకున్నవాళ్ళు ఏదో ప్రసాదం అందుకున్నట్టు లేచి నిలబడి తీసుకునేవాళ్ళు.

రంజాన్ నెలలో ఒకసారి వచ్చాను. మధ్యాహ్నం మూడింటప్పుడు ట్రేలో చాయ్ తెచ్చి పెట్టాడు. ఆయన పెదాలు పగిలి ఉన్నాయి. "రోజా ఉన్నారు కదా చాచా, నాకెందుకు తెచ్చారు?" అన్నాను.

"రోజా నాది బేటా. నీది గాదు."

ఆ రోజే, నేను చాయ్ తాగుతుంటే, పక్కన స్టూలు మీద కూర్చుని మాట్లాడాడు. తన గురించి ఆయన చెప్పింది ఆ ఒక్కసారే. మిగతా ఉద్యోగుల మెళ్ళో నీలం పట్టీతో ఫోటో కార్డులు వేలాడేవి. ఆయనకు లేదు. జేబుకు పిన్నుతో గుచ్చిన అట్టముక్క ఉండేది, దాని మీద తారీఖు. ఆరు నెలలకోసారి ఆ తారీఖు మార్చేవాళ్ళు.

"పదకొండేండ్లాయె. ఆర్నెల్లకోపారి కాగితం రాస్తరు. కాగితం అయిపోతందంటే ఇంట్ల బువ్వ సయించది. ఇందరు మెహమాన్లను చూస్తి గని, ఈడ నేనే మెహమాన్‌ని బేటా." నవ్వాడు. "ఈ కమిటీ మంచిగ వోతే పర్మినెంటు చేస్తమన్నడు పిన్సిపల్ సాబ్. నా పేరు లిస్టుల గూడ రాసిండంట. నీలం పట్టా ఏస్కోని ఇంటికి వోవాలె ఒకదినం. మా ఆమెకు సూపియ్యాలె."

నా సంగతీ చెప్పాను. నాదీ ఇంకా పర్మినెంటు కాలేదని, ఈ కాలేజీ పని మాట రాకుండా అప్పజెప్పితే చేస్తామన్నారని. అయ్యో, అయితే ఇద్దరిదీ ఒకటే దినం అయితదేమో అన్నాడు. ఇన్షాల్లా అన్నాడు. నేనూ తలూపాను.

కమిటీ వచ్చిన రోజు నన్ను రమ్మన్నారు, ఏదైనా తేడా వస్తే దగ్గరుండి చూడడానికి. ముగ్గురు పెద్దమనుషులు. చాచా ఇస్త్రీ చొక్కాలో, ముందురోజే మడిచి పెట్టుకున్న మూడు చీటీలతో సెమినార్ హాలు గుమ్మంలో నిలబడ్డాడు. ముగ్గురికీ ఇచ్చాడు. వాళ్ళు ల్యాప్‌టాప్‌లు తెరిచారు. ఏమీ రాలేదు. పేజీ కూడా రాలేదు. ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకొని మళ్ళీ పెట్టుకున్నాడు. ప్రిన్సిపల్ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ కలలో వస్తుంది.

పరుగెత్తుకొని పోయి కంట్రోలరు తెరిచాను. అతిథుల నెట్‌వర్క్‌లో యాభై మిషన్లకు చోటు పెట్టాను. యాభై నిండిపోయి ఉన్నాయి. జాబితా నిండా ఒకటే పేరు, కింది దాకా అదే. నెల కింద వచ్చిన ఆ సేల్స్‌మన్ పేరు. గడువు సున్న. హాస్టలు పిల్లలకు ఎక్కడో ఆ చీటీ దొరికింది. సల్లనీళ్ళు అన్న మాట ఎవరు మర్చిపోతారు? నోటి నుంచి నోటికి హాస్టలంతా పాకింది. ఉన్న ల్యాప్‌టాప్‌లన్నీ ఆ ఒక్క పేరు మీద ఎక్కి కూర్చున్నాయి. వచ్చిన అతిథులకు చోటు లేదు.

ఆ పేరు తీసేశాను. మిగిలిన పేర్లన్నిటికీ సాయంత్రానికి గడువు పెట్టాను. పది నిమిషాల్లో కమిటీ వాళ్ళకు ఇంటర్నెట్టు వచ్చింది. కానీ పది నిమిషాలు పోయాయి. వాళ్ళు కాగితం మీద ఏదో రాసుకోవడం, వాళ్ళ వెనక నిలబడ్డ ప్రిన్సిపల్‌కు కనబడనే కనబడింది.

వరండాలోకి పిలిచాడు. గొంతు తగ్గించి అడిగాడు. గట్టిగా అరిచినా బాగుండేది.

"నెల కింద వచ్చినవాడి పేరు ఈరోజుకీ ఎందుకుంది? ఒక్క రోజని మీ రిపోర్టులో రాశారే. ఎవరు చేశారిది?"

చాచా నాలుగడుగుల దూరంలో, చేతిలో నీళ్ళ గ్లాసుల ట్రేతో నిలబడి ఉన్నాడు. నేను ఆయన్ని చూశాను. చూసే చెప్పాను.

"నేను ఒక్క రోజే పెట్టాలని చెప్పాను సార్. ఆయనే మర్చిపోయినట్టున్నాడు."

ట్రే మీద గ్లాసులు చిన్నగా ఒకదానికొకటి తగిలిన చప్పుడు వినిపించింది. ఇప్పుడు ఆయన అంటాడు, సున్న పెట్టమన్నది ఈ పిలగాడే సార్ అని. నేను దానికీ జవాబు వెతుక్కుంటున్నాను. ఛీ, ఎంత తొందరగా పని చేస్తుందో ఈ బుర్ర ఇలాంటప్పుడు.

"అవును సార్" అన్నాడు చాచా. "పిలగాడు చెప్పిండు. పెద్దతనం గద, నేనే మర్సిన."

రేపటి నుంచి ఆ టేబులు దగ్గర ఇంకొకరు కూర్చుంటారని చెప్పి ప్రిన్సిపల్ లోపలికి పోయాడు.

చాయ్ కాచే గదిలో ఆయన్ని పట్టుకున్నాను. కప్పులు కడుగుతున్నాడు.

"ఎందుకట్ల చెప్పిన్రు చాచా?"

"మరేం చెప్పాలె? మన దగ్గరికొచ్చిన మెహమాన్‌ని పదిమందిల నిలవెట్టి తప్పు వట్టాల్నా?" కప్పు బోర్లించి పెట్టాడు. "అయిన నేను సున్న వెట్టింది నిజమే గద. నీది కొత్త నౌకరీ. నాది ఎట్లన్న నడుస్తది."

నడవదని ఇద్దరికీ తెలుసు. ఆ గది నుంచి ప్రిన్సిపల్ గదికి పదిహేను అడుగులుంటుంది. పోయి, సార్, అబద్ధం చెప్పాను, సున్న పెట్టమన్నది నేనే, గడువు కట్టేయనిదీ నేనే అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ పదిహేను అడుగులు నేను నడవలేదు. ఎన్నో ఊళ్ళలో, ఎన్నో వరండాల్లో ఆ తర్వాత నడిచాను, ఊరికే, మనసులో.

నాలుగింటి బస్సుకు బయల్దేరాను. ఆయన కాసేపు టేబులు దగ్గర కూర్చుని, ఒక్క వేలితో టిక్కు టిక్కుమని ఏదో కొట్టాడు. ఆ టేబులు మీద ఆయనకదే చివరి రోజు. రిజిస్టరు సర్దుకుంటున్నాడనుకున్నాను. తర్వాత నాతో గేటు దాకా వచ్చాడు. బస్సు రాగానే జేబులోంచి చీటీ తీసి, మోచెయ్యి పట్టుకొని ఇచ్చాడు. సిరా ఇంకా ఆరలేదేమో, మడతకు నీలం అంటుకుంది.

"పోయిరా బేటా."

చీటీ విప్పలేదు. అందులో ఏదో మొర ఉంటుందనుకున్నాను. మీ ఆఫీసులో చెప్పు, ప్రిన్సిపల్‌తో మాట్లాడు, ఇలాంటిదేదో. విప్పితే ఏదో ఒకటి చేయాల్సి వస్తుంది. చొక్కా జేబులో పెట్టుకొని కిటికీ పక్క కూర్చున్నాను. వెనక్కి చూస్తే ఆయన రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. మూలమలుపు దాకా నిలబడే ఉన్నాడు. ఇక పోయి నాలుగో గడి నింపుకుంటాడనుకున్నాను.

ఇంటికి పోయాక చొక్కా మా అమ్మ ఉతికేసింది. జేబులో తెల్లటి ముద్ద, చుట్టూ నీలం మరక. బతికిపోయాననుకున్నాను, సిగ్గులేకుండా. ముందాఫీసు లాగిన్‌లో ఇకముందు ఎవరూ సున్న పెట్టకుండా మర్నాడే హైదరాబాదు నుంచి సరిచేశాను. రెండు నెలలకు నా ఉద్యోగం పర్మినెంటు అయింది. మెడలో పట్టీ వేశారు. మాదీ నీలమే.

"దొరికింది సార్!" తాళంచెవి ఊపుకుంటూ వచ్చాడు ల్యాబ్ అసిస్టెంటు. తలుపు తీస్తూ తనే అందుకున్నాడు. "ఆ చాచా మీకు ఎట్ల ఎర్క సార్? నేను రాకముందటి ముచ్చట. కమిటీ వచ్చిననాడు నెట్టు ఖరాబ్ చేసిండంట గద. ఎనక గేటు కాడ కావలికి ఏసిండ్రంట. గా పారి కాగితం అయిపోయినంక మల్ల రాయలేదంట. ఇప్పటికీ కొత్తోళ్ళకు చెప్తరు మా దగ్గర, జర చూస్కోని చెయ్యున్రి, చాచా చేసినట్ల చెయ్యకున్రి అని."

నా అబద్ధం ఆయనకంటే ఎక్కువ కాలం బతికింది. ఇక్కడే, ఈ వరండాలోనే తిరుగుతోంది.

"ఆయన చేయలేదు" అన్నాను. "నేను చేశాను. నేను చేసి ఆయన మీద పెట్టాను."

వాడు నా ముఖం వైపు చూశాడు.

"పోనీ తియ్యున్రి సార్. ఇప్పుడనుకుంటే ఏమొస్తది" అని, ఫ్యాను వేసి, పక్క గదిలోకి పోయాడు.

కంట్రోలరు మీద దుమ్ము పేరుకుపోయి ఉంది. లోపల చిన్న పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. పాత పాస్‌వర్డు నా వేళ్ళకు గుర్తుంది. తీసేసే ముందు ఉన్నవన్నీ ఒకసారి చూసి రాసుకోవాలి, పద్ధతి అది. అతిథుల జాబితా తెరిచాను. ఖాళీగా ఉంటుందనుకున్నాను. గడువులు తీరి అందరూ ఎప్పుడో చెరిగిపోయారు.

ఒక్క పేరు ఉంది.

బల్మూర్‌బేటా. ఇంగ్లీషు అక్షరాల్లో, అన్నీ కలిపి. మిగిలిన గడువు అన్న చోట, పరిమితి లేదు అని. మొదలైన తేదీ, కమిటీ వచ్చిన రోజు. వేళ, నా నాలుగ్గంటల బస్సుకు కాస్త ముందు. పక్కన వివరాలు రాసుకోవడానికి ఒక గడి ఉంటుంది. మేమెవరమూ దాన్ని నింపం. ఆయన నింపాడు, ఆ ఒక్క వేలితో. మళ్ళొస్తడు.

ఆయనిచ్చిన చీటీలో ఉన్నది మొర కాదు, ఈ పేరూ దాని మాటా. నాకు ఇంట్లో చోటు పెట్టి, దాని తాళంచెవి చేతికిచ్చి పంపాడు. నేను దాన్ని ఉతికించుకున్నాను.

ఫోను తీసి అతిథుల నెట్‌వర్క్‌లోకి వెళ్ళాను. పేజీ వచ్చింది. పేరు కొట్టాను. పాస్‌వర్డు తెలియదు. కంట్రోలరు నా చేతిలోనే ఉంది, ఒక్క నొక్కు నొక్కి మార్చుకోవచ్చు. కానీ అది ఆయన ఇచ్చిన మాట కాదు కదా. నా ముఖం చూసి ఆ రోజు ఆయనకు ఏ మాట తోచింది? అంత పని చేసిన ముఖం చూసి ఏ మంచి మాట తోచింది?

మామిడిపండు అని కొట్టాను. తప్పు అంది.

సల్లగాలి అని కొట్టాను. తప్పు అంది.

మూడోసారి, ఆయన ఎన్నడూ ఎవరికీ పెట్టని మాట కొట్టాను. మాఫ్.

పేజీ మాయమైంది. మూడు తప్పులయ్యాయి, ఇక నిమిషం పాటు బయట నిలబడాలి. ఆ రూలు పెట్టింది నేనే.

"బంద్ చేద్దామా సార్?" గుమ్మంలోంచి అడిగాడు అసిస్టెంటు.

"ఒక్క నిమిషం" అన్నాను.

ఆ నిమిషమంతా ఫోను పట్టుకొని అక్కడే నిలబడ్డాను. కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, నిమ్మలంగ యాదికి తెచ్చుకో బేటా అనే మనిషి లేడు.